ఆటకి వీపు తిప్పి కూర్చున్న మేస్త్రి

మా ఇంట్లో టీవీలో క్రికెట్ పెడితే నాతో పెద్ద గొడవ. అందరూ బంతిని చూస్తారు, నేను జనాన్ని చూస్తాను. కెమెరా గ్యాలరీ మీదికి తిరగ్గానే కుర్చీ ముందుకి జరుపుకుంటాను, బ్యాట్స్‌మన్ మీదికి తిరగ్గానే వెనక్కి వాలిపోతాను. "అక్కడ వికెట్ పడి ఏడుస్తుంటే మీరు ఆ సన్నాసుల మొహాలు చూస్తారేంటండీ?" అని మా ఆవిడ ఏళ్ల తరబడి విసుక్కుంటోంది. ఏం చెప్పను? ఈ జబ్బు నాకు అంటించిన మహానుభావుడు ఒకాయన ఉన్నాడు. ఉన్నాడని అలవాటు కొద్దీ రాశాను. పోయిన నెలలో పోయాడు.

పేరు రాయను. రాస్తే ఆయనకి కోపం వస్తుంది. "నా ఒక్కని పేరెందుకు సారూ, మిగిలినోళ్లు ఏం పాపం జేసిన్రు?" అంటాడు. క్యాంపులో ఆయన్ని పేరు పెట్టి పిలిచిన వాళ్లని నేను చూడలేదు. తెలుగు వాళ్లకి మేస్త్రి, మిగతా అందరికీ మిస్త్రీ. జగిత్యాల దగ్గర ఒక పల్లెటూరి తాపీ మేస్త్రి, అల్ ఐన్‌లో మా కాంట్రాక్టు కంపెనీకి కాంక్రీటు పనుల పెద్ద.

నేను రాజమండ్రి నుంచి టైపు పరీక్ష పాసై అక్కడికి వెళ్లింది డెబ్బైల చివర్లో. క్యాంపు గేటు దగ్గర దిగిన రోజు ఒక నడివయసు మనిషి గొంతుక్కూర్చుని, ఒక కన్ను మూసి, నన్ను పైనుంచి కిందికి చూశాడు. నా బాధలో నేనుంటే, "సారూ, నీ కుడి భుజం కిందికున్నది. సంచి ఆ దిక్కే మోస్తవా?" అన్నాడు. ఒళ్లు మండింది. తర్వాత గదిలో అద్దం ముందు నిలబడి చూసుకుంటే నిజమే. ఇప్పటికీ అలాగే ఉంది.

అది ఆయన తీరు. దేన్నయినా ఒక కన్ను మూసి చూడాల్సిందే. మెస్సులో బల్ల అంచు, మసీదు గోడ, మా మేనేజరుగారి మీసం, ఏదైనా సరే. "తేడా ఉన్నది" అనేవాడు. ఆ తర్వాత రసమట్టం పెట్టి చూస్తే తేడా ఉండేది. ఇంకో అలవాటు, మనిషి ఎదురు పడితే బాగున్నావా అని అడగడు. "నీళ్లు కొట్టిన్రా?" అని అడుగుతాడు. అంటే నిన్న పోసిన కాంక్రీటుని తడిపారా అని. ఉదయం టీ బండి దగ్గర అదే, సాయంత్రం బస్సు దగ్గర అదే. ఒకసారి నాకు జ్వరం వస్తే గదికొచ్చి, నుదురు మీద చెయ్యేసి, "నీళ్లు కొట్టిన్రా సారుకు?" అని నా పక్క మంచం వాణ్ణి గదిమాడు. తడిగుడ్డ వెయ్యమని దాని అర్థం.

ఆయనకి చదువు లేదు. జీతం కాగితం మీద వేలిముద్ర. అందుకు సిగ్గు పడటం మాట అటుంచి, కట్టిన ప్రతి ఇంటికీ కిటికీ గట్టు కింద పచ్చి గోడ మీద బొటనవేలు ఒత్తి వచ్చేవాడు. అప్పట్లో అక్కడి ప్రభుత్వం స్థానికులకి కట్టించి ఇచ్చే శాబియా ఇళ్లు మా కంపెనీ వరసలు వరసలుగా కట్టేది. ఏ వీధికి వెళ్లినా గట్టు కింద తడిమి చూసి, "నాదే" అనేవాడు. ఒకచోట లోపలినుంచి ముసలావిడ అరబ్బీలో కేకలేస్తే ఇద్దరం పరుగెత్తాం.

అల్ ఐన్ అప్పటికి పల్లెటూరో పట్నమో తేలని దశలో ఉంది. ఒక పక్క ఖర్జూరపు తోటలు, ఇంకో పక్క నెలకో కొత్త రోడ్డు. రోడ్డు పడిన వారానికి దానికో రౌండెబౌట్, దాని మధ్యలో గడ్డి. మన వాళ్లు గల్ఫ్ మొత్తాన్నీ దుబాయ్ అనేస్తారు కదా, ఆ మాట ఆయన దగ్గర చెల్లేది కాదు. సెలవు నుంచి తిరిగొచ్చిన కుర్రాడెవడో "మా ఊర్ల నన్ను దుబాయ్ సేటు అంటున్నరు" అని మురిసిపోతే, "నువ్వు దుబాయ్ల ఉన్నవారా? నీ మంచం ఏడ ఉన్నది? ఊరి పేరు సక్కగ చెప్పరాదు?" అని వాడి మురిపెం దులిపేశాడు.

ఇక అసలు సంగతి. మా ముదీర్, అంటే మేనేజరు, కరాచీ ఇంజనీరు. కాలేజీలో క్రికెట్ ఆడిన మనిషి. అల్ ఐన్‌లో ఉన్న బ్యాంకు గుమాస్తాలు, బడి మేష్టర్లు, ఇంజనీర్లతో ఒక టీమ్ పోగు చేశాడు. దుబాయ్‌లో వ్యాపారులంతా కలిసి పెట్టుకున్న లీగు ఒకటి ఉండేది. పెద్ద పెద్ద ఊళ్ల టీములు అందులో ఆడేవి. ఆ లీగు కమిటీ నుంచి ఉత్తరం వచ్చింది. మీ ఊరు పెరుగుతోందని విన్నాం, మీ టీమ్‌ని చేర్చుకుంటే శుక్రవారం శుక్రవారం మైదానం నింపగలరా, లీగు టీమ్‌ని మోసే సత్తా మీ ఊరికి ఉందా అని.

ముదీర్ జవాబు చెబుతుంటే నేను టైపు కొడుతున్నాను. గోడకున్న ఏసీ చుట్టూ పగులు వచ్చిందని మేస్త్రి అక్కడే సిమెంటు పూస్తున్నాడు. ముదీర్ బయటికి వెళ్లగానే నా బల్ల దగ్గరికొచ్చాడు.

"ఏం రాసిన్రు సారూ గంతసేపు?"

"ఏదో ఆట సంగతి మేస్త్రిగారూ. మీకెందుకండీ?"

"ఊరు పేరు నాలుగు సార్లు ఇనబడ్డది. ఊరి ముచ్చటైతే నాకూ గావాలె గద."

చెప్పాను. ఊరు పెరుగుతోంది గానీ టీమ్‌ని నిలబెట్టేంత జనం ఇంకా లేరు, ఇంకో పదేళ్లు ఆగాలి, అదీ ఉత్తరం.

ఆయన తాపీ నా టైపు మిషను పక్కనే పెట్టేశాడు, సిమెంటుతో సహా. "జనం లేరా? మరి నేను కట్టిన ఇండ్లల్ల ఎవలుంటున్నరు? సరే, వాళ్లకు ఈ ఆట తెల్వదు, వాళ్లు రారనుకో. కట్టినోళ్లం మేం ఏడ ఉంటున్నం? ఆకాశంలనా?"

"క్యాంపుల్ని లెక్కలో వెయ్యలేదండీ," అన్నాను. ఫ్యామిలీలు, దుకాణాల వాళ్లు, ఆఫీసుల వాళ్లు, ఇంతే ముదీర్ లెక్క. అప్పుడు నాకు అందులో తప్పేమీ కనబడలేదు, ఒప్పుకుంటున్నాను. క్యాంపుల్లో వాళ్లు ఊరి జనం ఎలా అవుతారు? వస్తారు, కడతారు, పోతారు. నేనేదో అక్కడ శాశ్వతంగా ఉండిపోవడానికి వచ్చినట్టు!

ఆయన చేతులు కూడా కడుక్కోకుండా ముదీర్ వెనకాలే వెళ్లాడు. నేనూ వెళ్లాను, ఎక్కడ ఉద్యోగం పోగొట్టుకుంటాడో అని.

"సాబ్, ఏక్ మ్యాచ్ దేదో. ఆద్మీ మై లాతా."

ముదీర్ నవ్వాడు. "తుమ్ క్రికెట్ జాన్తే హో, మిస్త్రీ?"

"నై సాబ్. ఆద్మీ కో జాన్తా."

ముదీర్ చెడ్డవాడు కాదు. టీమ్ కావాలని మా అందరికన్నా ఎక్కువ ఆయనకే ఉంది. ఎప్పుడో ఎక్కడో ఖాళీ కుర్చీల ముందు ఆడి అవమానపడ్డాడట, ఆ భయం. కాసేపు మేస్త్రి సిమెంటు చేతుల వంక చూసి నాతో అన్నాడు, ఆ ఉత్తరం పోస్టు చెయ్యకు, నీ సొరుగులో పెట్టు, ఒక్క మ్యాచ్ ఆడదాం, దుబాయ్ టీమ్‌నీ కమిటీ వాళ్లనీ పిలుద్దాం, మైదానం నిండితే కొత్త ఉత్తరం రాద్దాం, నిండకపోతే ఇదే పంపేద్దువు గాని అని. తర్వాత మేస్త్రి వైపు తిరిగి, నిండకపోతే ఈ ఆట మాట నువ్వూ ఎత్తకూడదు, టీమ్ ఆడే ఆ స్థలాన్ని మిషన్ల యార్డు చేసేస్తాను అన్నాడు. "ఖలాస్?" అంటే "ఖలాస్ సాబ్" అన్నాడు మేస్త్రి.

సరిగ్గా అదే నెలలో ఆయనకి రెండేళ్లకోసారి ఇచ్చే సెలవు వచ్చింది. టికెట్టు కూడా వచ్చింది. మ్యాచ్ అయ్యాక వెళ్తానని వెనక్కి ఇచ్చేశాడు. ఆ రోజుల్లో చదువు రాని వాళ్లు ఉత్తరాలకి బదులు క్యాసెట్లలో మాటలు నింపి పంపుకునేవారు. భార్య నుంచి క్యాసెట్ రానే వచ్చింది. దాన్ని నా గదిలో పెట్టి వినిపించాడు. "నీకు ఆ ఊరే ఇల్లయితే ఆడ్నే ఉండు. నేనీడ ఎవలకు బువ్వొండాలె? ఎవల కోసం ఎదురు జూడాలె?" అంటూ క్యాసెట్ ఒక వైపు మొత్తం తిట్టింది. మేం నవ్వాం. ఆయనా నవ్వాడు గానీ ఆ నవ్వు నిలవలేదు.

"కోపం నిజమే సారూ. పొయ్యి కాళ్లు మొక్కుత, ఊకుంటది. కని జనం లేరని కాయితం బోతే నేను ఏం మొకం బెట్టుకోని ఇంటికి బోవాలె? పదేండ్లసంది ఏడున్నవంటే ఏం జెప్పాలె, మనుషులు లేని కాడ అనాల్నా?"

ఆ మాటతో నాకు మొదటిసారి సిగ్గేసింది. సొరుగులో ఉత్తరం ఉందన్న సంగతి ఆ రోజు నుంచి నాకు ముల్లులా గుచ్చుకోవడం మొదలైంది.

పరిశ్రమల షెడ్లు ఉండే సనయ్యా దాటాక ఇసుక మైదానం ఉంది. అక్కడ గడ్డి మొలవదు కాబట్టి పిచ్ అంటే కాంక్రీటు పట్టీయే, దాని మీద చాప పరచి ఆడతారు. మేస్త్రి తన మనుషుల్ని తీసుకెళ్లి రెండు రోజుల్లో పోసేశాడు. నున్నగా, చూడ్డానికి ముచ్చటగా ఉంది. మా టీమ్ దాని మీద సాధన మొదలుపెట్టింది. ఇక చూడాలి, మా లారీ డ్రైవరు ఒకడు వేసే మామూలు బంతి పడీ పడగానే పక్కకి తిరుగుతోంది! వాడికే ఆశ్చర్యం. బ్యాంకు గుమాస్తాలు ఒక్కొక్కరే బ్యాటు గాల్లో ఊపి వెనక్కి చూసుకోవడం, వాడు మీసం తిప్పడం. మా డ్రైవరు మహా బౌలరైపోయాడని వారం రోజులు ఊరంతా చెప్పుకున్నాం.

మైదానం చూడ్డానికి దుబాయ్ నుంచి కమిటీ పెద్దమనిషి వచ్చాడు. బొంబాయి బట్టల వ్యాపారి, కళ్లద్దాలు, బొజ్జ. ఆయన చాప తీయించి, జేబులోంచి బంతి తీసి, పిచ్ మధ్యలో నెమ్మదిగా పెట్టి వదిలాడు. బంతి ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత మెల్లగా నడుచుకుంటూ వెళ్లి పక్కన ఇసుకలో కూర్చుంది.

"ఎవరు పోశారిది?" అన్నాడు హిందీలో.

"మైనే సాబ్," అన్నాడు మేస్త్రి, ఛాతీ ముందుకి పెట్టి.

"ఒక పక్కకి వాలుగా ఎందుకు పోశావు?"

"వాటం దియా సాబ్. బారిష్ కా పానీ జానే కే లియే."

అందరం తలెత్తి ఆకాశం వంక చూశాం. మబ్బు తునక లేదు. అక్కడ వాన పడి ఎన్నాళ్లయిందో ఎవరికీ గుర్తు లేదు. పెద్దమనిషి నవ్వు మొదలుపెట్టాడు, అద్దాలు తీసి కళ్లు తుడుచుకునేదాకా నవ్వాడు. ముదీర్ మొహం మాడిపోయింది. మేస్త్రి గొంతుక్కూర్చున్నాడు, ఒక కన్ను మూశాడు, పిచ్ పొడుగునా చూశాడు. ప్రపంచంలో అందరి వంకరలూ కనిపెట్టిన మనిషికి తన చేత్తో తాను ఇచ్చిన వాటం అప్పుడు కనబడింది.

"పైన కప్పు లేని కాంక్రీటంటే నా చేతికి స్లాబే సారూ," అన్నాడు నాతో, తెలుగులో, చిన్న గొంతుతో. ఎన్నో ఏళ్లుగా మిద్దెలు పోసిన చెయ్యి, వాన నీళ్లు నిలవకుండా వాటం ఇవ్వడం దానికి ఊపిరి తీసినంత అలవాటు. చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. తర్వాత లేచి పెద్దమనిషి ముందు నిలబడి గట్టిగానే అన్నాడు. "గల్తీ మేరా సాబ్. తోడ్ కే ఫిర్ డాల్తా."

మ్యాచ్‌కి నాలుగు వారాలే ఉంది. కాంక్రీటు పగలగొట్టాలి, పోయాలి, అది గట్టిపడాలి. కంపెనీ సిమెంటు ఇస్తుంది గానీ పని రోజుల్లో మనుషుల్ని ఇవ్వనంది. మిగిలింది శుక్రవారం ఒక్కటే. మేస్త్రి దగ్గరున్న ఎనిమిది మందితో శుక్రవారం ఒక్కరోజులో అయ్యే పని కాదది.

ఆ వారమంతా ఆయన సాయంత్రాలు క్యాంపు క్యాంపూ తిరిగాడు. మన తెలంగాణ వాళ్ల క్యాంపులు, మలయాళీల క్యాంపు, పెషావరు వాళ్ల క్యాంపు, తోటల్లో పనిచేసే బెంగాలీల షెడ్లు, అన్నీ. నేను ఒక రోజు వెంట వెళ్లాను. మ్యాచ్ గురించీ లీగు గురించీ ఏదో బతిమాలతాడనుకున్నాను. అబ్బే! బంతి ఎలా నడుచుకుంటూ వెళ్లిందో నేల మీద నిమ్మకాయ దొర్లించి చూపించేవాడు. ఎడారిలో వాన నీళ్లకి దారి పెట్టిన మేస్త్రిని నేనే అని చెప్పేవాడు. వాళ్లు పడీ పడీ నవ్వేవారు. ఆ నవ్వు ఆగేదాకా ఆగి, "తప్పు జేసిన. శుక్కురారం స్లాబున్నది. ఒక్క చెయ్యెయ్యున్రి," అనేవాడు. వాళ్ల వాళ్ల ఊళ్లలో స్లాబు పడే రోజంటే అందరికీ తెలుసు. పిలిస్తే వెళ్లాలి, తట్ట అందుకోవాలి.

శుక్రవారం తెల్లారి నేను వెళ్లేసరికి మైదానం నిండా మనుషులు. సగం మంది ఆ వాటం పిచ్ చూసి నవ్విపోదామని వచ్చినవాళ్లే. నవ్వడానికి వచ్చిన వాడి చేతిలో మేస్త్రి తట్ట పెట్టేశాడు. వరస కట్టారు. ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి తట్టలు, నాలుగు భాషల్లో అరుపులు, "యల్లా యల్లా", అంటే కానివ్వు కానివ్వు, అని అందరికీ కలిసిన ఒక్క మాట. నన్ను కూడా వరసలోకి లాగారు. టైపు కొట్టే వేళ్లు కదా, మూడో తట్టకే బొబ్బలెక్కాయి. జుమ్మా నమాజు వేళకి పిచ్ పోయడం అయిపోయింది. ఈసారి ఆయన ఒక్కడి కంటిని నమ్మలేదు. రసమట్టం పెట్టాడు, నీళ్ల గొట్టం పెట్టాడు, చివరికి నిమ్మకాయ పెట్టాడు. నిమ్మకాయ కదల్లేదు. అందరూ చప్పట్లు కొట్టారు.

అప్పుడు చేశాడు ఆ పని. పచ్చిగా ఉన్న పట్టీ అంచు చూపించి, "పని జేసినోడు ప్రతోడు ఈడ ఏలు పెట్టుండ్రి," అన్నాడు. చాప కప్పని అంచు అది. ఒక్కొక్కరే వంగి బొటనవేలు ఒత్తారు. జీతం కాగితం మీద తల వంచుకుని ఒత్తే వేళ్లు, నవ్వుతూ ఒత్తాయి. నా వంతు వచ్చేసరికి నేను వెనక్కి తగ్గాను. సంతకం వచ్చినవాణ్ణి, వేలిముద్ర ఏమిటని నా పొగరు.

"పెట్టు సారూ. నీకు సంతకం వొస్తదని కాంక్రీటుకు తెల్వది," అన్నాడు.

పెట్టాను. నా పక్కన ఎవరో పెషావరు మనిషి వేలు, నా వేలికి రెండింతలుంది.

తర్వాత రెండు వారాలు గోనెసంచులు కప్పి తడపాలి. దానికీ వంతులు వేశాడు, రోజుకొక క్యాంపు. డ్యూటీకి వెళ్లే ముందు బస్సు మైదానం దగ్గర ఆగాలి, డబ్బాలతో నీళ్లు పోసి ఎక్కాలి. "నీళ్లు కొట్టిన్రా?" అన్న ఆయన మాట ఆ రెండు వారాలూ ఊరందరి పలకరింపైపోయింది. మలయాళీలు కూడా తెలుగులో అదే అడిగేవారు.

మ్యాచ్ శుక్రవారం మధ్యాహ్నం, జుమ్మా అయ్యాక. కమిటీ వాళ్లు షామియానా కింద కూర్చున్నారు. దుబాయ్ టీమ్ తెల్లటి బట్టల్లో దిగింది. పరంజా చెక్కలతో మేస్త్రి కట్టిన మెట్లు మూడు వైపులా ఉన్నాయి. వాటి మీద బ్యాంకు వాళ్ల ఫ్యామిలీలు నాలుగు, మేష్టర్లు కొందరు. అంతే. శుక్రవారమంటే బట్టలు ఉతుక్కునే రోజు, మాంసం వండుకునే రోజు, క్యాసెట్లు నింపుకునే రోజు. ఉన్న ఒక్క సెలవునీ ఎండలో ఎవడు పారేసుకుంటాడు? ముదీర్ నా వంక ఒకసారి చూశాడు. సొరుగు తాళం నా జేబులో బరువెక్కింది.

మేస్త్రి ఒక ఖాళీ డబ్బా బోర్లించి, పిచ్‌కి వీపు తిప్పి, రోడ్డు వైపు మొహం పెట్టి కూర్చున్నాడు. ఒళ్లో టేప్ రికార్డరు.

"వస్తారంటారా మేస్త్రిగారూ?"

"ఏలు పెట్టినోడు రాకుంట ఉంటడా సారూ?" అన్నాడు. అన్నాడే గానీ టేప్ రికార్డరు మూత తెరిచి, మూసి, మళ్లీ తెరిచి చూస్తున్నాడు.

ముందు రోడ్డు మీద దుమ్ము కనబడింది. తర్వాత లారీ. దాని వెనక కంపెనీ బస్సు, ఇంకో బస్సు, తోటల్లోంచి పశువుల మేత మోసే బండి నిండా బెంగాలీలు. మసీదు వైపు నుంచి ఇస్త్రీ బట్టల్లో నడిచి వస్తున్న పఠాన్‌లు, గొడుగులతో మలయాళీలు, తలకి తువ్వాలు చుట్టిన మన వాళ్లు. వచ్చినవాడు వచ్చినట్టు మెట్లెక్కాలి కదా? ఎక్కలేదు. తిన్నగా పిచ్ దగ్గరికి నడిచారు! అంచున వంగి ఎవరి వేలు వాళ్లు వెతుక్కుంటున్నారు. "అగో, గది నాది!" "యే మేరా హై!" టాస్ వేయడానికి వచ్చిన అంపైరు నోరెళ్లబెట్టాడు. వాళ్లని బయటికి పంపడానికి పావుగంట పట్టింది. మెట్లు నిండాయి, మెట్ల ముందు ఇసుక నిండింది, లారీల టాపులు నిండాయి. ఇంకా వస్తూనే ఉన్నారు.

ఆట సగం మందికి తెలియదు. దుబాయ్ వాడు సిక్సర్ కొట్టినా ఈలలే, మా వాడు కొట్టినా ఈలలే. అసలు వాళ్లు చూస్తున్నది బంతి పడిన చోటు. నిటారుగా లేచిన ప్రతి బంతికీ, "చూసినవా, మనం పోసిందే!" మా డ్రైవరు బంతి మాత్రం ఆ రోజు అంగుళం తిరగలేదు, పాపం, చావగొట్టించుకున్నాడు.

మేస్త్రి ఒక్క బంతి కూడా చూడలేదు. మొదటినుంచీ చివరిదాకా జనం వైపే కూర్చున్నాడు. "ఆట అటుందండీ" అంటే, "ఆట గిటున్నది సారూ" అని గడ్డంతో మెట్లు చూపించాడు. ఎవరు ఔటైందీ మొహాల్లో తెలుసుకునేవాడు. చివరికి మాకు రెండు పరుగులు కావాలి, ఒకే వికెట్ ఉంది. నాకు ఒళ్లు తెలియలేదు, ఆయన చెవి పక్కనే నిలబడి అరుస్తున్నాను. మా బ్యాంకు గుమాస్తా గాల్లోకి లేపాడు. పట్టేశారు.

ఓడిపోయాం. ఒక్క నిమిషం మైదానమంతా చప్పుడు లేదు. ఆ తర్వాత ఎక్కడో ఒకడు చప్పట్లు కొట్టాడు, ఇంకొకడు, ఇక అంతా లేచి నిలబడ్డారు. ఆగదే ఆ చప్పుడు! బొంబాయి పెద్దమనిషి అద్దాలు తీసి మళ్లీ తుడుచుకున్నాడు, ఈసారి నవ్వలేదు. మేస్త్రి వైపు చూస్తే ఆ జనాన్ని చూస్తూ కూర్చునే ఉన్నాడు, గడ్డం మీదుగా కన్నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. నేను ఆ రోజు పడినంత గర్వం ఆ తర్వాత నా పిల్లలు ఫస్టున పాసైనప్పుడు కూడా పడలేదు. దాచడం ఎందుకు, నిజమది.

శనివారం ముదీర్ సొరుగు తీయించాడు. ఉత్తరం నా చేతే చింపించాడు. కొత్తది చెప్పాడు. ఊరి జనం ఎవరెవరో చెప్పే చోట మొట్టమొదటి మాట క్యాంపులు. ఆనందంలో నేను అన్నీ తప్పులే కొట్టాను, మూడుసార్లు కొట్టాల్సి వచ్చింది. నెల తిరక్కుండానే లీగులో మా ఊరి పేరు చేరింది. అప్పటికి మేస్త్రి సెలవు మీద ఇంటికెళ్లిపోయాడు. తిరిగొచ్చాక నేనున్నన్నాళ్లూ శుక్రవారం ఆ డబ్బా మీదే, ఆటకి వీపు తిప్పే. ఆట నియమాలు చెబుతానంటే, "వొద్దు సారూ, తెలిస్తే అటు జూడబుద్ధయితది" అనేవాడు.

ఆయన పోయాడని పాత క్యాంపు మిత్రుడు ఫోను చేస్తే జగిత్యాల వెళ్లాను. ఆయన ఊళ్లో బస్సు దిగి, అక్కడ టీ కొట్టు దగ్గర, "దుబాయ్‌లో పనిచేసొచ్చిన మేస్త్రిగారి ఇల్లెక్కడండీ?" అని అడిగాను.

కొట్టువాడు నన్ను ఎగాదిగా చూశాడు. "దుబాయ్ మేస్త్రి గాదు సార్. అల్ ఐన్ మేస్త్రి. గట్ల అడగాలె. ఆయిన బతికుంటే మిమ్మల్ని కూసోబెట్టి చెప్తుండె."

ఆ ఇంటికి వెళ్లాను. కిటికీ గట్టు కింద తడిమాను. ఉంది. ఆయన భార్య నన్ను ఎరగదు. నేను ఫలానా అని ఇంకా చెప్పలేదు, గల్ఫ్‌లో కలిసి పనిచేశామని మాత్రం అన్నాను. కాసేపు కూర్చున్నాక, "గా ఊరు ముచ్చట ఇంటవా సారూ? క్యాసెట్ పంపిండు అప్పుడు. నా బిడ్డ ఫోన్ల ఎక్కిచ్చింది," అని ఫోను నా ముందు పెట్టింది.

మొదట గరగర. తర్వాత హోరు. వేల గొంతులు కలిసిన చప్పుడు. దాని మీద, టేప్ రికార్డరు పక్కనే, ఎవడో గోదావరి యాసలో గొంతు చించుకుంటున్నాడు. "లేపకురా! లేపకురా నాయనా! కింద కొట్టి పరిగెత్తరా బాబూ, నీకు పుణ్యముంటదీ!"

ఆవిడ నవ్వింది. "గా ఒర్రేటాయిన ఎవలో తెల్వది సారూ. మా మనుమలు గట్లనే ఒర్రుడు నేర్సిన్రు."

"అది నేనేనమ్మా," అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసింది. "నువ్వేనా? నీ గొంతు నలబై ఏండ్లసంది మా ఇంట్ల ఉన్నది గదనయ్యా!" అని నా చెయ్యి పట్టుకుంది. నేను ఏదో చెప్పబోతే, "ఆగు, ఇప్పుడు ఆయిన మాట్లాడ్తడు" అంది.

ఫోనులో హోరు ఆగింది. తర్వాత చప్పట్లు మొదలై పెరిగి పెరిగి, ఆ చప్పట్ల మధ్యలోంచి ఆయన గొంతు వచ్చింది.

"ఇన్నవానే? గీళ్లంత మా ఊరోళ్లే. ఒక్కలు గూడ తక్కువ లేరు. ఇగ నేను ఇంటికొస్త."